పనికి ముందు కడిగిన చేతులు

మా పుట్టినూరి మంత్రసానమ్మ పోయింది. మధ్యాహ్నం బస్సుకి మా తమ్ముడు పంపిన మనిషి గురజాల వచ్చి, బడి వసారాలో నిలబడి ఆ మాట చెప్పాడు. అప్పుడు నేను రెండో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను.

“పొద్దున చద్దన్నం తిని, ఎండపొడలో నులక మంచం వేసుకొని పడుకుందంటమ్మా. కోడలొచ్చి లేపితే లేవలేదు,” అన్నాడు.

“జ్వరమేమన్నా తగిలిందా?”

“అట్టాంటిదేం లేదు. నిన్న మాపటేళ చేలోకి పోయి గోంగూర కూడా కోసుకొచ్చింది.”

ముందుగా నాకు వచ్చింది ఏడుపు కాదు, ఊరట. చావు కబురు విని ఊరట అంటే చదివేవాళ్ళకు కటువుగా ఉండవచ్చు. ఆమెను ఎరిగినవాళ్ళకు ఉండదు. ఆమె ఈ లోకంలో ఒక్కదానికే భయపడింది, ఒళ్ళు పేలిపోయే జ్వరానికి. ఆ జ్వరంలో మాట తప్పి, పక్కలో ఉన్నది ఎవరి బిడ్డో గుర్తుపట్టలేక కన్నుమూసిన తల్లుల దగ్గర ఆమె ఎన్నోసార్లు కూర్చుంది. “నాకు ఏ చావైనా పర్లేదు గానీ, ఆ వేడి చావు మాత్రం వద్దు తల్లీ,” అనేది. ఆ కోరిక తీరింది. పిల్లలకు సెలవిచ్చి, నా కూతుర్ని చంకనేసుకొని, వచ్చిన మనిషితోనే బస్సెక్కాను.

మా పుట్టినూరు మాచవరం దగ్గర. అక్కడ ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆమే మంత్రసాని. నేనూ, తమ్ముడూ, చెల్లెలూ ఆమె చేతుల్లోనే పుట్టాం. నేను అత్తా అని పిలిచేదాన్ని. పొట్టి మనిషి, నడకలో ఎవరికీ అందేది కాదు. ఎంత పరుగున వచ్చినా, నొప్పులు పడుతున్న ఇంట్లో అడుగు పెట్టగానే మాత్రం గుమ్మం పక్కన చతికిలబడి మజ్జిగ అడిగేది. “ముందు నాకు గుక్కెడు మజ్జిగ పొయ్యండి. నేను కంగారు పడితే లోపలోడు కంగారు పడతాడు,” అని నింపాదిగా తాగేది. అప్పటిదాకా అరుస్తూ తిరుగుతున్న ఇంటి జనమంతా ఆ మజ్జిగ తాగటం చూస్తూ చల్లబడేవాళ్ళు. ఆ తర్వాత పురిటి గదిలోకి పోయి, పుట్టబోయే బిడ్డనే కేకలేసేది. “ఏందిరా, లోపల మూటలు సర్దుకుంటన్నావా? రా బయటికి. ఎండ బాగానే కాస్తంది!”

ఎంతమందికి పురుడు పోశావత్తా అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. తెలవదంది. పోయిన తల్లులు మాత్రం అందరూ గుర్తే. ఏ ఇంటి ఆడపిల్ల, ఏ నెలలో, కాన్పయిన ఎన్నో రోజున పోయిందో చెప్పేది. ఎందుకత్తా అవన్నీ అంటే, “బతికినోళ్ళు కళ్ళెదురుగా తిరుగుతుంటారు, గుర్తు పెట్టుకోవాల్సిన పనేముంది? పోయినోళ్ళని ఎవరో ఒకరు గుర్తు పెట్టుకోవాలగా,” అంది.

ఆ పోయినవాళ్ళలో మా పిన్ని ఒకతి. అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. మా ఇంట్లోనే కాన్పయింది. మగపిల్లాడు పుట్టాడని రెండు రోజులు సంబరపడ్డాం, ఐదో రోజున ఆమెను పాడె మీద పంపాం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బిడ్డ పుట్టాక మూడో రోజు వచ్చే ఆ జ్వరాన్ని మా వైపు బాలింత జ్వరం అంటారు. అది వచ్చిందంటే వైద్యుడు గుమ్మంలోనే తల అడ్డంగా ఊపి పోయేవాడు.

యుద్ధం ముగిసిన రెండో ఏడు, ఎండాకాలంలో నేను తొలికాన్పుకి పుట్టింటికి వచ్చాను. పిన్ని పోయిన గదిలోనే నాకు పురుడు పోసింది మంత్రసానమ్మ. ఆడపిల్ల. అంతా సవ్యంగా జరిగింది. మూడో రోజు పొద్దున చలి మొదలైంది. రోహిణి ఎండలో రెండు బొంతలు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. మధ్యాహ్నానికి చలి పోయి ఒళ్ళు పెనంలా కాలింది. అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి, తీసి, గోడ వైపు తిరిగి నిలబడింది. ఆమెకు ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు.

మంత్రసానమ్మ వచ్చి చూసింది. పొట్ట నొక్కి చూసింది. బయటికి పోయి మా నాన్నతో ఒకటే మాట అంది.

“బండి కట్టు.”

“ఎక్కడికి?” అన్నాడు నాన్న.

“పిడుగురాళ్ళ పోయి రైలెక్కాల. సత్తెనపల్లిలో ఆడ డాక్టరమ్మ ఉందంట. ఈ జ్వరానికి ఇప్పుడేదో కొత్త మందు వచ్చిందంట, మొన్న సంతలో అనుకుంటన్నారు.”

మా నాయనమ్మ ఒప్పుకోలేదు. “పురిటి స్నానం కాని పిల్లని గడప దాటిస్తావా? గాలి సోకింది, దిష్టి తీయించండి. నీకేం తెలుసని నువ్వు చెప్పొచ్చావే?” అని మంత్రసానమ్మ మీదికి లేచింది.

ఎప్పుడూ మా అరుగు కింది మెట్టు మీద కూర్చునే ఆ మనిషి ఆ రోజు నాయనమ్మకు ఎదురుగా నిలబడింది. “నాకేం తెలుసంటావా పెద్దమ్మా? ఈ జ్వరం ఎట్టా పోద్దో నాకు తెలుసు. ఐదో రోజుకి ఏమైద్దో నాకే తెలుసు. నా చేతిలో ఏమీ లేదు. లేదని చెప్పటానికి నాకు సిగ్గు లేదు. పిల్లని పంపండి.”

అమ్మ అప్పటికే నా పక్క చుట్టేస్తోంది.

బండిలో గడ్డి పరిచి, తడిగుడ్డలు కప్పి నన్ను పడుకోబెట్టారట. రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో బల్ల ఖాళీ లేకపోతే, ఎక్కడికో పెళ్ళికి పోతున్న సాయెబుల ఆడవాళ్ళు లేచి చోటిచ్చారట. మంత్రసానమ్మ ఒక చేత్తో నా బిడ్డను గుండెకు అదుముకొని, ఇంకో చేత్తో దూదివత్తితో మేకపాలు పడుతూ కూర్చుందట. ఇవన్నీ నాన్న తర్వాత చెప్పినవే. నాకు గుర్తున్నది ఒక్కటే. ఎవరో నా చెవిలో, “మూటలు సర్దుకోబాకే తల్లీ, ఇక్కడే ఉండు,” అని మళ్ళీ మళ్ళీ అంటున్నారు.

సత్తెనపల్లి డాక్టరమ్మది నాలుగు మంచాల ఆసుపత్రి. మద్రాసులో చదివింది, మాట తక్కువ మనిషి. ముందు సల్ఫా మాత్రలు వేసింది. నేను వాటిని కక్కేశాను. జ్వరం దిగలేదు. అప్పుడు గుంటూరుకు తంతి కొట్టింది. పెన్సిలిన్ అనే ఆ మందు యుద్ధంలో సిపాయిలకు వాడారనీ, ఇప్పుడిప్పుడే మామూలు జనానికి దొరుకుతోందనీ, గుంటూరులో ఉంటే రేపటి రైల్లో వస్తుందనీ నాన్నతో చెప్పిందట. మందు పొడిగా వస్తుంది, నీళ్ళలో కలిపాక చల్లగా ఉంచకపోతే పాడవుతుంది. అందుకని మందుతో పాటు ఐసు కూడా రావాలి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం రైలొచ్చింది. గార్డు దగ్గర మందు సీసాల పెట్టె నాన్న తీసుకున్నాడు. ఊకలో చుట్టిన ఐసుగడ్డ గోనెసంచిని మంత్రసానమ్మ తీసుకుంది. జట్కా కోసం చూడబోతే, “నువ్వు జట్కా బేరమాడేలోపు ఇది నీళ్ళైపోద్ది,” అని సంచిని నెత్తిన పెట్టుకొని పరుగెత్తింది. ఆ మనిషి అంతకు ముందు ఐసు చూసి ఎరుగదు. ఆసుపత్రి చేరేసరికి మొహం మీద నుంచి, మెడ మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి, చేతులు ఎర్రబడ్డాయి. “ఏందమ్మా ఇది, చల్లగా ఉండి కాలుస్తంది?” అని డాక్టరమ్మను అడిగిందట. ఆ ఊకలో పిడికెడంత గడ్డలు నాలుగైదు మిగిలాయి. అవి చాలాయి.

మూడు గంటలకొక సూది. తొడలు పుండ్లలా సలిపేవి. రెండో రోజు సాయంత్రానికి ఒళ్ళంతా చెమట పట్టింది. పక్క తడిసి ముద్దయింది. ఆ తర్వాత పొద్దున నేను కళ్ళు తెరిచి, గొంతు పెగుల్చుకొని, “చారన్నం ఉందా?” అని అడిగాను.

నాన్న బయటికి పోయాడు. ఆయన ఏడవటం నేను చూడలేదు గానీ, చాలాసేపు లోపలికి రాలేదు. మంత్రసానమ్మ మాత్రం దాచుకోలేదు. బిడ్డను నా పక్కలో పెట్టి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. “ఈ జ్వరం వచ్చినాక అన్నం అడిగిన పిల్లని ముప్పై ఏళ్ళలో ఇప్పుడే చూశా,” అంది.

ఈ మందు దేంతో చేస్తారని ఆ రోజే డాక్టరమ్మను అడిగింది. బూజుతో అని చెబితే నమ్మలేదు.

“బూజా? మా ఊరగాయ జాడీకి పట్టేది?”

“ఆ జాతే. కానీ అది కాదు.”

“నేను గరిటెతో తీసి పారేశానే, పాడుగాను!”

డాక్టరమ్మ నవ్వటం అప్పుడే చూశాను. ఆ నవ్వు అయ్యాక, చేతిలోని సీసా పక్కన పెట్టి అడిగింది.

“పురుడు పోసింది నువ్వేనా?”

“నేనేనమ్మా.”

“చేతులు కడుక్కుంటావా?”

“ఎందుకు కడుక్కోనూ? పనయినాక కుంకుడు రసంతో శుభ్రంగా తోముకుంటా.”

“పనయినాక సరే. పనికి ముందు?”

మంత్రసానమ్మ తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. ఈ జ్వరం గాలివల్లో దిష్టివల్లో రాదు, కంటికి ఆనని పురుగులు గోళ్ళ సందున, గాజుల కింద, బొడ్డు కోసే కొడవలి మీద దాక్కొని లోపలికి పోతాయి. ఒక బాలింత దగ్గర నుంచి ఇంకో బాలింతకు చేతులే మోస్తాయి. “నీ ఒక్కదాని తప్పు కాదు. ఒకప్పుడు పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో డాక్టర్లే ఇలా చేశారు. చేతులు కడుక్కోండయ్యా అన్నవాణ్ణి నమ్మక తరిమారు,” అని కూడా అంది.

ఆ మధ్యాహ్నమంతా ఆమె నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. పేర్లు చెప్పుకుంటోందని నాకు కాసేపటికి అర్థమైంది. చివరికి నా వైపు చూసి అడిగింది.

“మీ పిన్నిని నేనే చంపానా తల్లీ?”

“తెలియక జరిగిందత్తా. ఎవరికి తెలుసు అప్పుడు?” అన్నాను.

“తెలవంది తెలవందే. పోయింది పోయిందే. రెండూ నిజమేగా,” అంది.

ఆ రెండు నిజాల మధ్య కూలబడిపోకుండా ఆమె ఏం చేసిందో చెప్పటానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను లేచి తిరిగేదాకా రెండు వారాలు పట్టింది. నన్ను ఊరికి పంపే రోజున బండెక్కలేదు ఆమె. “నేనిక్కడే కొన్నాళ్ళుంటా. డాక్టరమ్మ కాడ పని నేర్చుకోవాల,” అంది. యాభై దాటిన మనిషి. ఆ ఆసుపత్రిలో గుడ్డలు ఉడకబెట్టింది, నేల కడిగింది, పురుళ్ళ దగ్గర పక్కన నిలబడి చూసింది. గోళ్ళు మొదలంటా తీసుకోవటం, సబ్బుతో మోచేతుల దాకా రుద్దటం, కత్తెరా దారమూ మరిగే నీళ్ళలో వేసి ఎంతసేపు ఉంచాలో నేర్చుకుంది. గడియారం చూడటం రాదు కాబట్టి, నూరు దాకా మూడుసార్లు లెక్కపెట్టుకొనేది.

ఊరికి తిరిగొచ్చాక అసలు తంటా మొదలైంది. మోచేతుల దాకా రుద్దాలంటే గాజులు తీయాలి. మొగుడు బతికుండగా గాజులు తీసే ఆడది మా ఊళ్ళో లేదు. ఆమె గాజులమ్మేవాడి దగ్గర చేతికి రెండు సైజులు పెద్దవి, జారిపోయేవి వేయించుకుంది. పురిటింటికి రాగానే వాటిని తీసి మూకుట్లో పెట్టి, పనయ్యాక మళ్ళీ తొడుక్కొనేది. తొలిసారి అది చూసి ఒక ఇంటి ముసలమ్మ, “ఇదేం అపశకునమే! నీ మొగుడు బతికున్నాడా, పోయాడా?” అని అరిచింది.

“బాగానే ఉన్నాడు పెద్దమ్మా. ఇంటికాడ పచ్చిమిరపకాయ నంచుకొని మజ్జిగన్నం తింటన్నాడు. ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. ముందు నీ కోడలు బతకాల,” అంది.

పురిటిళ్ళల్లో ముందు మజ్జిగ అడిగే అలవాటు కూడా మార్చుకుంది. ముందు కాగే నీళ్ళు, తర్వాతే మజ్జిగ. నీళ్ళు మరిగేదాకా గదిలో అడుగు పెట్టేది కాదు. తిట్టినవాళ్ళున్నారు. ఆసుపత్రికి పోయి దొరసాని అయిందని నవ్వినవాళ్ళున్నారు. ఆమెను కాదని పక్క ఊరి మంత్రసానిని పిలిపించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. “చెయ్యి కడుక్కుంటే నాకు పోయేదేముంది? నీళ్ళే,” అనేది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఒక రోజు పొద్దున మా ఇంటికొచ్చి అమ్మ ముందు నిలబడటం ఒక ఎత్తు. నేనింకా పుట్టింట్లోనే ఉన్నాను. అమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది.

“అక్కా, నీకొక మాట చెప్పాల. నీ చెల్లెలికి వచ్చిన జ్వరం నా చేతుల్నించి వచ్చిందనుకుంటన్నా. దానికి రెండు రోజుల ముందు ఇంకో బాలింతకు పుండు కడిగా. అట్టానే మీ ఇంటికొచ్చా. చేతులు కడుక్కోవాలని నాకు తెలవదు. ఇప్పుడు తెలిసింది. తెలిసినాక నీకు చెప్పకుండా మీ వాకిలి ముందు నుంచి నడవలేకపోతన్నా.”

అమ్మ మిరపకాయలు సర్దుతూనే ఉంది. ఆమె ఏమంటుందోనని నేను గడప దగ్గరే ఆగిపోయాను. పిన్ని కొడుకు, మా ఇంట్లోనే పెరుగుతున్నవాడు, అప్పుడు బడికి పోయి ఉన్నాడు.

అమ్మ లేచి, చేతులు దులుపుకొని, “పైకి రా,” అంది. అరుగు మీదికి. ఇన్నేళ్ళలో ఆ మాట ఆమెతో మా ఇంట్లో ఎవరూ అనలేదు. చాప వేసి కూర్చోబెట్టింది. “నా చెల్లెల్ని నువ్వు మర్చిపోలేదు. మా వాళ్ళే మర్చిపోయారు,” అంది. మళ్ళీ, “చిన్నదానికి ఆరో నెల. దాని కాన్పు నువ్వే చెయ్యాల,” అంది.

మంత్రసానమ్మ అరుగు మీద కూర్చొని ఏడ్చింది. అమ్మ కూడా ఏడ్చింది. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి ఏడవని ఏడుపు అది. అయిపోయాక ఇద్దరూ తేలిగ్గా కనిపించారు. కబుర్లు మిరపకాయల ధరలోకీ, కోడళ్ళలోకీ మళ్ళాయి.

మూడు నెలలకు మా చెల్లెలి కాన్పయింది. నీళ్ళు అమ్మే మరగబెట్టింది. నాయనమ్మ గడప దగ్గర కూర్చొని, “చేతులు కడిగావా?” అని మంత్రసానమ్మను రెండుసార్లు అడిగిందట. మూడో రోజు వచ్చింది, పోయింది. ఐదో రోజు వచ్చింది, పోయింది. జ్వరం రాలేదు.

ఆ తర్వాత మా ఊళ్ళో ఆమె పురుడు పోసిన ఏ తల్లీ ఆ జ్వరంతో పోలేదు. ఒకసారి మాత్రం దూదేకుల వాళ్ళ కోడలికి మూడో రోజు చలి పుట్టింది. గంట తిరక్కముందే మంత్రసానమ్మ బండి కట్టించింది. అప్పటికి డాక్టరమ్మ దగ్గర ఆ మందు ఎప్పుడూ ఉంటోంది. వారానికి ఆ పిల్ల బిడ్డను ఎత్తుకొని నవ్వుతూ బండి దిగింది. “అట్టా దిగాల, అట్టా,” అని మంత్రసానమ్మ వీధిలో అందరికీ చూపించిందట.

కిందటి నెల నేను ఊరికి పోయినప్పుడు ఆమెను చూశాను. చూపు తగ్గింది, పని కోడలికి అప్పజెప్పింది. నా కూతురి రెండు బుగ్గలూ పట్టుకొని, “ఇదేనా, నేను రైల్లో మేకపాలు పట్టింది? ఎంత గొంతో దీనికి!” అంది. ఇప్పుడు రాత్రుళ్ళు నిద్ర పడుతోందా అత్తా అని అడిగాను. “పడతంది. పేర్లు ఇప్పటికీ వస్తాయి. కానీ కొత్తవి కలవటంలేదుగా. అది చాల్లే,” అంది.

బస్సు దిగి నేను ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి పొద్దు వాలుతోంది. అప్పటికే పాడె లేచింది. మా ఊళ్ళో శవం వీధిన పోతుంటే పసిబిడ్డల తల్లులు బిడ్డల్ని లోపలికి తీసుకుపోయి తలుపులు వేసుకుంటారు. గాలి తగులుతుందని. ఆ రోజు ఏ తలుపూ మూయలేదు. రెండు వైపులా గడపల మీద తల్లులు బిడ్డల్ని ఎత్తుకొని నిలబడ్డారు. డప్పులకు ఒకరిద్దరు పిల్లలు జడుసుకున్నా ఎవరూ కదల్లేదు. దూదేకుల వాళ్ళ కోడలు నెలల బిడ్డను రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. ఎర్రటి ఎండ మొహాన పడితే ఆ బిడ్డ కళ్ళు చిట్లించి, నోరారా ఒకసారి ఆవలించి, పోతున్న జనాన్ని అలాగే చూస్తూ ఉంది.